హెయింట్ బ్లూ: వసారా సీలింగ్‌కి దెయ్యాల రంగు

అమెరికాలోని దక్షిణ కరోలినాలో ఉన్న చార్లెస్టన్ పాత వీధుల్లో వసారాల కింద నిలబడి తలెత్తితే చాలాచోట్ల లేత నీలమే. దీన్ని హెయింట్ బ్లూ అంటారు, హెయింట్ అంటే ఇక్కడి మాటలో దెయ్యం. దెయ్యాలు నీళ్లు దాటలేవట, పైనున్న నీలాన్ని చూసి నీళ్లనుకుని వెనక్కి పోతాయట. దక్షిణ కరోలినా, జార్జియా తీరాల్లో బానిసలుగా బతికిన ఆఫ్రికన్ల వారసులైన గల్లా గీచీ ప్రజల నమ్మకం ఇది. ఇల్లు కొన్న కొత్తలో మేమూ వేయించాం. దెయ్యాలంటారా, అంతకుముందూ రాలేదు, తర్వాతా రాలేదు.

ఈ పేరుతో ఒకే రంగు ఉండదు. ఆకుపచ్చ కలిసిన నీలం నుంచి బూడిద నీలం దాకా అన్నీ ఇదే పేరుతో అమ్ముతారు. షేడ్ కార్డు చూసి టెన్షన్ పడేకన్నా, శాంపిల్ డబ్బా తెచ్చి చెక్కముక్కకి పూసి, సీలింగ్‌కి ఆనించి ఉదయం, సాయంత్రం చూడండి. వసారా నీడలో రంగు బాగా ముదురుతుంది. మేం తుడవడానికి వీలుగా కాస్త మెరుపుండే సాటిన్ ఫినిష్ తీసుకున్నాం. ఇక్కడి ఉక్కకి, ఫ్యాన్ గాలి తగలని మూలల్లో నల్లమచ్చలు వస్తాయి, సబ్బునీళ్లతో పోతున్నాయి. ఎండ నేరుగా పడదు కాబట్టి రంగు వెలవలేదు. పొద్దుగూకాక లైటు వేయకపోయినా వసారా కాసేపు వెలుతురుగానే ఉంటుంది. పెట్టిన డబ్బు దానికే వసూల్.

ఈ రంగు వేస్తే కందిరీగలు రావని అందరూ చెప్తారు. వస్తాయి. సరిగ్గా లైటు పక్కనే గూడు కట్టాయి. పాతకాలంలో నీలిమందు, సున్నం, పాలు కలిపి పూసేవారు. పురుగులు రాలేదంటే అది సున్నం పుణ్యమే అయ్యుండాలి. ఇప్పటి లేటెక్స్ (నీళ్లతో కలిపే) పెయింట్‌లో సున్నం ఎక్కడిది?

ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య సీలింగ్ చూసి, "సున్నంలో నీలిమందు ఎక్కువ పడిందేమిటమ్మా?" అన్నారు. సంగతి చెప్తే, "అయితే గుమ్మానికి గుమ్మడికాయ కూడా కట్టండి, పోయేదేముంది" అని తేల్చేశారు. కట్టాం.

షాపువాళ్లు చెప్పని సంగతి ఇంకోటుంది. 1740లలో తోటల యజమాని కూతురు ఎలైజా లూకాస్ ఇక్కడ నీలిమందు పంటను నిలబెట్టిందని పుస్తకాల్లో రాస్తారు. కంపుకొట్టే తొట్లలో ఆకు నానబెట్టి, చిలికి రంగు తీసింది మాత్రం బానిసలు. జార్జియాలోని సవానా నగరంలో ఉన్న ఓవెన్స్-థామస్ హౌస్ అనే మ్యూజియంలో బానిసలు ఉన్న గదుల పైకప్పుకి ఆ పాత నీలం ఇంకా ఉంది. షేడ్ ఎంచుకునేముందు వీలైతే వెళ్లి చూసిరండి. మేం రంగు వేయించాక చూశాం. ఈసారి వేయించేటప్పుడు ఇంకాస్త ముదురు నీలం తీసుకుని, కిటికీ చట్రాలకి కూడా వేయిస్తాం.