మీటియర్ 350, ఆర్15: ఒకే ఇంట్లో రెండు బండ్లు, మూడు రకాల పికప్

మా ఇంట్లో రెండు మోటారు సైకిళ్లున్నాయి. 2021లో నేను కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 ఒకటి, మరుసటి ఏడాది తమ్ముడు కొన్న యమహా ఆర్15 నాలుగో వెర్షన్ మరొకటి. మొదటిది క్రూజర్, రెండోది స్పోర్ట్స్ బైకు. ఇప్పటికి మీటియర్ 41 వేల కిలోమీటర్లు, ఆర్15 29 వేల కిలోమీటర్లు తిరిగాయి. కాపురం హైదరాబాద్ ఎల్బీనగర్‌లో, సొంత ఇల్లు సూర్యాపేటలో కావడంతో రెండు వారాలకోసారైనా 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కక తప్పదు. ఏ తాళం చేతికి అందితే ఆ బండి మీద బయలుదేరడం నాకు అలవాటైపోయింది.

రెండూ నడుపుతానని తెలిసిన ప్రతివారూ అడిగేది ఒకటే: "దేనికి పికప్ ఎక్కువ?" ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోవడమే ఈ సమీక్షకు కారణం. మనవాళ్లు పికప్ అనే ఒకే మాటతో మూడు వేర్వేరు సంగతులు అడుగుతుంటారు. సిగ్నల్ పడగానే బండి ఎలా దూకుతుందన్నది ఒకటి, అరవైలో పోతూ లారీని దాటాలంటే ఎంత త్వరగా అందుకుంటుందన్నది రెండోది, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే ఎంతదాకా పోతుందన్నది మూడోది. ఈ మూడింటికీ సమాధానం ఒకే బండి కాదు.

ముందుగా కాగితం మీది లెక్కలు చూద్దాం. మీటియర్ ఇంజను 349 సీసీ. అది 6,100 ఆర్పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 20.2 బీహెచ్‌పీ (హార్స్‌పవర్), 4,000 ఆర్పీఎం దగ్గర 27 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం) ఇస్తుంది. ఆర్15 ఇంజను అందులో సగం కూడా ఉండదు, కేవలం 155 సీసీ. అయినా 10,000 ఆర్పీఎం దగ్గర 18.1 బీహెచ్‌పీ, 7,500 దగ్గర 14.2 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. అంటే టార్కులో దాదాపు రెండింతల తేడా ఉన్నా, హార్స్‌పవర్‌లో తేడా రెండే. టార్కును ఇంజను తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేదే హార్స్‌పవర్ కాబట్టి, చిన్న ఇంజను తన బలహీనతను వేగంగా తిరగడంతో పూడ్చుకుంటోందన్నమాట.

మరి మీటియర్ కూడా అంత వేగంగా తిరిగితే సరిపోదా అంటే, దాని పిస్టన్ ఒప్పుకోదు. మీటియర్ పిస్టన్ ఒక్కో విడత 85.8 మిల్లీమీటర్లు ప్రయాణిస్తే, ఆర్15 పిస్టన్ 58.7 మిల్లీమీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. లెక్క వేసి చూస్తే, పది వేల ఆర్పీఎం దగ్గర ఆర్15 పిస్టన్ సగటు వేగం సెకనుకు 20 మీటర్లకు కాస్త తక్కువ. అదే ఆర్పీఎం దగ్గర మీటియర్ పిస్టన్ 28 మీటర్లు దాటాలి. రోజూ ఆఫీసుకు పోయే బండి ఇంజను ఆ ఒత్తిడికి ఎన్నాళ్లో నిలవదు. అందుకే దానికి ఆరు వేల దగ్గరే గీత గీశారు. తమాషా ఏమిటంటే, మీటియర్‌లో ఆర్పీఎం మీటరే లేదు. ఇన్నేళ్లలో దాని అవసరం నాకు కలగలేదు. ఆర్15 మీద మాత్రం కళ్లు స్పీడు కంటే ముందు ఆర్పీఎం వైపే పోతాయి.

ఇక రోడ్డు మీదికి వస్తే, దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా సాయంత్రం ఆరు గంటల ట్రాఫిక్‌లో మీటియర్ ఎంతో సుఖం. స్పీడ్ బ్రేకర్ దాటి మూడో గేరులోనే ఇరవై నుంచి నిదానంగా లాగించినా అది గొణగకుండా లాగుతుంది. ఆర్15 అదే చోట రెండో గేరు అడుగుతుంది, ఇవ్వకపోతే వణుకుతుంది. సిగ్నల్ దగ్గర పక్కపక్కన నిలబెట్టి తమ్ముడూ నేనూ చాలాసార్లు చూశాం. మొదటి పది పదిహేను మీటర్లు రెండూ సమానంగానే పోతాయి, ఒక్కోసారి మీటియరే ముందుంటుంది. తమ్ముడు మూడో గేరు వేసేసరికి నాకు వాడి వెనక లైటే కనిపిస్తుంది.

రెండో రకం పికప్ గురించి నాకు పాఠం నేర్పింది 2023 వేసవి. నకిరేకల్ దాటాక ఆర్15 మీద ఆరో గేరులో డెబ్బై మీద పోతూ, ముందున్న కంకర టిప్పర్‌ను దాటుదామని కుడివైపుకి తీసి, మీటియర్ అలవాటు కొద్దీ గేరు మార్చకుండా యాక్సిలరేటర్ మాత్రం తిప్పాను. బండి ముందుకు పోలేదు. మోత పెరిగింది తప్ప, మీటరులో అంకెలు డెబ్బై రెండు, డెబ్బై మూడు అంటూ నత్తలా పాకాయి. టిప్పర్ చక్రాలు నా మోకాలి పక్కనే తిరుగుతున్నాయి, వెనకనుంచి ఒక కారు హారన్ మోగిస్తోంది. చివరికి బ్రేకు వేసి మళ్లీ దాని వెనక్కే తగ్గవలసి వచ్చింది. తప్పు బండిది కాదు, పూర్తిగా నాది. అదే చోట రెండు గేర్లు దించి ఇంజనును ఏడు వేలు దాటించి ఉంటే, నాలుగు సెకన్లలో టిప్పర్ వెనకబడేది. 7,400 ఆర్పీఎం దాటగానే ఆర్15లో గాలి లోపలికి తీసుకునే వాల్వులు తమను తెరిచే వేరే క్యామ్ మీదికి మారతాయి, డిస్‌ప్లేలో వీవీఏ అనే గుర్తు వెలుగుతుంది, అక్కడినుంచి అది నిజంగా వేరే బండి. ఆరో గేరులో వంద మీద పోతున్నప్పుడు ఆ గుర్తు సరిగ్గా వెలిగీ వెలగనట్టు ఊగిసలాడుతుంటుంది. అంటే బలం ఉంది, కానీ అడిగి తీసుకోవాలి. మీటియర్ మాత్రం ఉన్నదాన్ని అడగకుండానే ఇస్తుంది.

వెనక మనిషి కూర్చుంటే లెక్క మరింత మారుతుంది. ఆర్15 బరువు 142 కిలోలు, మీటియర్ బరువు 191. ఖాళీ బండ్ల మీద చూస్తే, కిలోకు వచ్చే బలంలో ఆర్15 ఇరవై శాతం ముందుంది. 75 కిలోల నేను ఎక్కితే ఆ తేడా పది శాతానికి పడిపోతుంది. వెనక ఇంకో 65 కిలోల మనిషి ఎక్కితే ఐదు శాతమే మిగులుతుంది. తేలికదనం ఒంటరిగా పోయేవాడికే వరమని అప్పుడర్థమైంది. పైగా మా అమ్మ ఆర్15 వెనక భాగం చూసి "ఇది సీటా, పీటా?" అని అడిగిన రోజు నుంచి ఇద్దరి ప్రయాణాలన్నీ మీటియర్ మీదే సాగుతున్నాయి.

పెద్ద బండ్లలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. 2019లో వచ్చిన ట్రయంఫ్ రాకెట్ 3లో 2,458 సీసీ ఇంజను 4,000 ఆర్పీఎం దగ్గరే 221 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, హార్స్‌పవర్ మాత్రం 165. సుజుకి హయబూసా 1,340 సీసీతో 150 న్యూటన్ మీటర్లే ఇచ్చినా, 9,700 ఆర్పీఎం దాకా తిరిగి 187 బీహెచ్‌పీ అందుకుంటుంది. ఆ రెండూ నేను నడపలేదు, నడిపే స్తోమతా లేదు. కానీ కాగితం చూస్తే మా ఇంటి ముందున్న జంటే పెద్దదై కనిపిస్తుంది.

మూడో రకం పికప్‌లో పోటీయే లేదు. ఖాళీ రోడ్డు మీద ఒకసారి ఆర్15 మీటరు 135 చూపించింది, ఇంకా కొంత మిగిలే ఉందనిపించింది. మీటియర్ 115 దగ్గర ఇక చాలంటుంది. దాని మీద వంద దాటితే గాలి ఛాతీని వెనక్కి నెడుతుంది, కాళ్లు ముందుకు చాచి తెరచాపలా కూర్చుంటాం కదా. ఆర్15 మీద ట్యాంకు మీదికి వంగితే గాలి హెల్మెట్ పైనుంచి పోతుంది. అయితే ఈ గొప్ప ఎంతవరకు పనికొస్తుందన్నది వేరే మాట. నాలుగు వరసల జాతీయ రహదారి మీద మోటారు సైకిల్‌కు చట్టం అనుమతించే గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. అంతకు మించి పోయేలా కట్టిన హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను అసలు రానివ్వరు.

ఎనభై మీద ఎక్కువసేపు పోవడమే మన రహదారి ప్రయాణమైతే, అక్కడ మీటియర్‌దే పైచేయి. సూర్యాపేటకు రెండున్నర గంటల దారిలో నేను దాని మీద ఆగేది టీ కోసం మాత్రమే. ఆర్15 మీద చౌటుప్పల్ దాటేసరికి మణికట్లు నొప్పి పుడతాయి, నలభై దాటిన నా మెడ కూడా గుర్తు చేస్తుంది. తమ్ముడికి ఇరవై ఆరేళ్లు, వాడికి ఈ బాధ తెలియదు. క్రూజర్ కూర్చునే తీరులోనూ ఒక లోపముంది. కాళ్లు ముందుకు ఉండడంతో గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడలేం, దెబ్బంతా నేరుగా నడుముకే.

శ్రీశైలం ఘాట్‌లో మాత్రం నేను ఎప్పుడూ ఆర్15నే కోరుకుంటాను. అడవిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలను వదలరు కాబట్టి, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర తెల్లవారుజామున వేచి ఉండి గేటు తీయగానే బయలుదేరుతాం. దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగే మలుపుల్లో మీటియర్‌ను కాస్త వాల్చగానే ఫుట్‌రెస్టు రోడ్డుకు రాసుకుని గరగరమంటుంది, అది వినగానే చేయి తనంతట తానే వేగం తగ్గిస్తుంది. ఆర్15 అదే మలుపును ఇంకో పది కిలోమీటర్లు ఎక్కువ వేగంతో నిశ్చింతగా తిరుగుతుంది, గేర్లు గబగబా దించినా స్లిప్పర్ క్లచ్ వల్ల వెనక చక్రం బిగుసుకోదు. వేగమంటే తిన్నని దారిలో పోయే వేగమొకటే కాదు, బ్రేకు ఎంత ఆలస్యంగా వేయవచ్చన్నది కూడా. మీటియర్‌కు ముందు డిస్కు 300 మిల్లీమీటర్లు, ఆర్15కు 282, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలను బిగుసుకోనివ్వని ఏబీఎస్ రెండింటికీ రెండు చక్రాలకూ ఉంది. అయినా యాభై కిలోల అదనపు బరువును ఆపడానికి మీటియర్‌లో వెనక బ్రేకు కూడా గట్టిగా తొక్కాల్సి వస్తుంది.

ఖర్చుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నా చేతిలో మీటియర్ లీటరుకు 34, ఆర్15 44 కిలోమీటర్లు ఇస్తున్నాయి. ట్యాంకులు 15, 11 లీటర్లు కాబట్టి నిండుగా కొట్టిస్తే రెండూ ఇంచుమించు ఐదు వందల కిలోమీటర్లు పోతాయి.

ఈ మధ్య అన్నదమ్ములం కలిసి ఊరికి వెళ్తే నార్కట్‌పల్లి దగ్గర టీ తాగి బండ్లు మార్చుకుంటున్నాం. మార్చుకున్న ప్రతిసారీ మొదటి రెండు కిలోమీటర్లు అదే తంతు. నేను లారీ వెనక చేరి గేరు దించడం మరిచిపోతాను, వాడు మీటియర్ మీద ఎనభై అందుకోగానే అందులో లేని ఆరో గేరు కోసం కాలితో తడుముతుంటాడు.