50 వాట్ల హెడ్‌కి 50 వాట్ల క్యాబ్: ఆరేళ్ల వాడకం తర్వాత

గిటార్ ఆంప్‌కి కలిపే స్పీకర్ల పెట్టెని క్యాబ్ అంటాం. దాని వెనక, జాక్ పక్కన, చిన్న రేకు ఒకటి ఉంటుంది. నా దాని మీద 50 వాట్లు, 8 ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు) అని ఉంది. నా ట్యూబ్ హెడ్ (అంటే స్పీకర్లు లేకుండా, ట్యూబులతో నడిచే ఆంప్ ఒక్కటే) వెనక కూడా 50 వాట్లు, 8 ఓమ్స్ అనే ఉంది. అంకెకి అంకె సరిపోయింది కదా అని నాలుగేళ్లు దాని గురించి మళ్లీ ఆలోచించలేదు. కానీ హెడ్ మీద రాసిన 50 వేరు, క్యాబ్ మీద రాసిన 50 వేరు. ఈ ముక్క అమ్మినవాళ్లు చెప్పలేదు, రేకు మీదా లేదు. రెండేళ్లయినా నాకు ఆ కోపం తగ్గలేదు. అందుకే మిగతావన్నీ పక్కనపెట్టి ఆ ఒక్క సంగతే రాస్తున్నాను.

క్యాబ్ గురించి కావలసినంత మటుకు చెప్తాను. లోపల రెండు 12 అంగుళాల స్పీకర్లు, ఒక్కొక్కటి 25 వాట్లు, 16 ఓమ్స్. రెండింటినీ ప్యారలల్‌లో (ఒక్కోదానికి వేరే దారి ఉండేలా) కలిపారు కాబట్టి బయటికి 8 ఓమ్స్. హెడ్‌లో పవర్ ట్యూబులు ఈఎల్34లు రెండు. కొన్న కొత్తలో ఈ జంట గురించి కనిపించిన ప్రతి గిటారిస్టుకీ చెప్పేవాణ్ణి. మిడ్స్, అంటే మధ్యస్థాయి స్వరాలు, మనిషి గొంతులా పలికేవి. నాలుగైదు తీగలు కలిపి గట్టిగా కొడితే శబ్దం ఒక్క క్షణం వెనక్కి తగ్గి, మళ్లీ మెల్లగా ఉబ్బేది. ఇంట్లో, ప్రాక్టీస్ రూమ్‌లో మాస్టర్ వాల్యూమ్ ఎప్పుడూ 3 దాటలేదు. ఆ వాడకంలో ఒక్క రోజు కూడా ఇబ్బంది పెట్టలేదు.

రెండేళ్ల కిందట మా చర్చిలో సెమీ క్రిస్మస్ లోపల కాకుండా ఆవరణలో షామియానా వేసి పెట్టారు. ఆరుబయట ఈ ఆంప్‌తో వాయించడం నాకు అదే మొదటిసారి. గదిలో అయితే గోడలు, కప్పు శబ్దాన్ని తిప్పి మన మీదికే పంపుతాయి. అక్కడ ఆ గోడలే లేవు. పైగా క్యాబ్‌ని నేల మీద, నా కాళ్ల వెనక పెట్టుకున్నాను. గిటార్ స్పీకర్‌లో ట్రెబుల్ అంతా టార్చిలైట్ వెలుగులాగా సూటిగా పోతుంది. అది నా మోకాళ్ల ఎత్తులోనే ముందుకి పోయింది, చెవుల దాకా రాలేదు. సౌండ్ అతను తెచ్చిన మైకులు క్వయర్‌కే సరిపోయాయి. రెండో పాట అయ్యేసరికి డ్రమ్స్ వాయించే తమ్ముడు "అన్నా, నీ గిటార్ వినబడ్తలేదు" అన్నాడు. మాస్టర్ 5కి తిప్పాను. నాలుగో పాటకి 7. ముందు బూస్ట్ పెడల్ (గిటార్ సిగ్నల్‌ని ఇంకా పెంచేది) కూడా ఆన్‌లోనే ఉంది.

ఆరో పాటలో ముందు వాసన వచ్చింది. ఊళ్లో బావి మీది మోటారు కాలినప్పుడు వచ్చే వాసన ఎరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అచ్చం అదే, మాడిన వార్నిష్ వాసన. ఆ తర్వాత లావు తీగ కొట్టినప్పుడల్లా గరగర. అర నిమిషానికి ఆ గరగర ఆగిపోయి, శబ్దం బాగా పడిపోయింది. అక్కడ ఆంప్ ఆపాల్సింది. నేను ఇంకొంచెం పెంచాను.

లోపల జరిగింది ఇది. ఒక స్పీకర్‌లోని కాయిల్ (దాన్ని మోగించే రాగి తీగ చుట్ట) కాలి తెగిపోయింది. ప్యారలల్ కనెక్షన్ కాబట్టి రెండోది మోగుతూనే ఉంది. అంటే అప్పటిదాకా రెండూ పంచుకున్న బరువు ఒక్కదాని మీద పడింది. హెడ్ 8 ఓమ్స్‌కి సెట్ చేసి ఉంది, ఎదురుగా ఉన్నదేమో ఇప్పుడు 16. ఆ పాట అయ్యేలోపు రెండో స్పీకర్ కూడా గరగరలాడింది. అప్పుడు గానీ ఆంప్‌ని మూగబోయేలా చేసే స్టాండ్‌బై స్విచ్ నొక్కలేదు. ఆ రెండో కాయిలూ తెగిపోయి ఉంటే హెడ్‌కి లోడే (పవర్ తీసుకునే స్పీకరే) లేకుండా పోయేది. ట్యూబ్ ఆంప్‌కి అంతకన్నా ప్రమాదం లేదు. ఆ స్థితిలో గట్టిగా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ విపరీతంగా లేస్తుంది, ట్యూబ్ సాకెట్ల దగ్గర స్పార్క్ రావచ్చు, ట్రాన్స్‌ఫార్మరే పోవచ్చు. నా హెడ్‌కి ఏమీ కాలేదు. ఆ సంతోషం ఈ రోజుకీ ఉంది. స్పీకర్లు సిరీస్‌లో (ఒకదాని గుండా ఇంకోదానికి) కలిపిన క్యాబ్ అయి ఉంటే, మొదటి కాయిల్ తెగిన క్షణమే ఈ పరిస్థితి వచ్చేది.

మర్నాడు క్యాబ్ వెనక పలక విప్పి, వైర్లు ఊడదీసి, మల్టీమీటర్ పెట్టాను. మీటర్ డీసీ రెసిస్టెన్స్ మాత్రమే కొలుస్తుంది కాబట్టి బాగున్న 16 ఓమ్స్ స్పీకర్ మీద 12, 13 దాకా చూపిస్తుంది. మొదటిదానికి ముల్లు కదల్లేదు. రెండోదానికి 12కి పైనే చూపించింది, బాగానే ఉందనుకున్నాను. తర్వాత నాలుగు వేళ్లు కోన్ (స్పీకర్ ముందున్న కాగితం గరాటు) చుట్టూ సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కాను. గరుకు కాగితం గోడకి రాసినట్టు చప్పుడు వచ్చింది. కాయిల్ వంకరపోయి అయస్కాంతానికి రాసుకుంటోంది. మీటర్‌కి ఆ సంగతి తెలీదు, చేతికే తెలుస్తుంది. వాడిన క్యాబ్ కొనేవాళ్లు మీటర్‌తో పాటు ఈ పరీక్ష కూడా చేసుకోండి.

రెండూ పట్టుకుని హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. స్పీకర్లు బాగుచేసే పెద్దాయన బ్లేడుతో కోన్ మధ్యలో ఉండే మూత, డస్ట్ క్యాప్, కోసి కాయిల్ చూపించాడు. రాగి రంగులో ఉండాల్సింది బొగ్గులా ఉంది, చుట్లు వదులై ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

"ఎన్ని వాట్ల ఆంప్ పెట్టిన్రు సార్?"

"యాభై. క్యాబ్ కూడా యాభయ్యే కదన్నా."

"గిటార్ ట్యూబ్ ఆంపా? గట్లయితే వంద వాట్ల డబ్బా గావాలె."

ఆ మాట నాకు నాలుగేళ్ల ముందు కావాలి. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. హెడ్ మీద రాసే 50 వాట్లు అంటే, శబ్దం ఇంకా పగలకుండా, నున్నటి సైన్ వేవ్ ఇవ్వగలిగినంత వరకు. గిటార్ వాళ్లం అక్కడ ఆగం, అది దాటాక వచ్చే డిస్టార్షన్ కోసమే కదా ట్యూబ్ ఆంప్ కొనేది. బాగా తోసినప్పుడు వేవ్ తల చదునై స్క్వేర్ వేవ్ వైపు పోతుంది. ఎత్తు అంతే ఉన్నా స్క్వేర్ వేవ్‌లో పవర్ సైన్ వేవ్‌కి రెట్టింపు. లోడ్ పెరిగితే ఆంప్ పవర్ సప్లై కొంత కుంగుతుంది కాబట్టి నిజంగా రెట్టింపు దాకా పోకపోవచ్చు, కానీ 50 మాత్రం ఎప్పుడో దాటేస్తుంది. క్యాబ్ మీది 50 ఏమో కాయిల్ తట్టుకునే వేడి హద్దు. ఒకటి మొదలయ్యే చోటు, ఇంకోటి ఆగాల్సిన చోటు. రెండూ ఒకే అంకె అయితే మధ్యలో జాగా ఎక్కడిది?

మాస్టర్ వాల్యూమ్ మీది అంకెల్ని కూడా నమ్మకండి. సగం తిప్పితే సగం వాట్లు కాదు. గిటార్‌కి హంబకర్ పికప్ (గట్టి సిగ్నల్ ఇచ్చే రెండు కాయిళ్ల పికప్), ముందు బూస్ట్ ఉంటే 4, 5 దగ్గరే హెడ్ తన బలమంతా ఇచ్చేస్తుంది. ఆ తర్వాత తిప్పేది శబ్దానికి పెద్దగా కలవదు, కాయిల్‌కి వేడిగా చేరుతుంది. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, రెండింతలు గట్టిగా వినిపించాలంటే సుమారు 10 కావాలి. నేను ఆ సాయంత్రం కాల్చింది ఆ చిన్న తేడా కోసం.

1960ల చివర 100 వాట్ల మార్షల్ హెడ్ కింద ఒకదాని మీద ఒకటి రెండు క్యాబ్‌లు నిలబెట్టడం చూపు కోసమే అనుకునేవాణ్ణి. 25 వాట్ల గ్రీన్‌బ్యాక్ స్పీకర్లు ఎనిమిది ఉంటే 200 వాట్లు. హెడ్‌కి సరిగ్గా రెట్టింపు.

దుకాణంలో ఒకతను కాలిన స్పీకర్ స్థానంలో 8 ఓమ్స్ పీఏ స్పీకర్ (మైకు సెట్‌లో వాడేది) బిగించమన్నాడు, చవక కాబట్టి. 16కి 8 ప్యారలల్ అయితే 5 ఓమ్స్ చిల్లర వస్తుంది. హెడ్ వెనక ఉన్న ఓమ్స్ సెట్టింగులు 4, 8, 16 మాత్రమే, పవర్ కూడా రెండింటికీ సమానంగా పోదు. వద్దన్నాను. సరే, ఓమ్స్ ఒకటే ఉన్నది దొరికిందే అనుకోండి, 25 పక్కన 60 పెడితే క్యాబ్ 85 కాదు. పవర్ చెరిసగం పోతుంది కాబట్టి బలహీనమైనదాన్ని రెండుతో హెచ్చవేయాలి, 50 దగ్గరే ఉంటాం.

చివరికి అదే పెట్టెలో 16 ఓమ్స్ సెలెస్టియన్ జీ12ఎమ్-65 క్రీమ్‌బ్యాక్ స్పీకర్లు రెండు బిగించాను. ఒక్కోటి 65, మొత్తం 130 వాట్లు. రేకు మీద మార్కర్‌తో పాత అంకె కొట్టేసి 130 అని రాశాను. రెండేళ్లుగా ఇవే. కింది తీగలు బిగుతుగా పలుకుతున్నాయి, ఆంప్ ఎంత తోసినా స్పీకర్ కలవరపడడం లేదు. అయితే మొదట్లో నేను అంతగా పొగిడిన ఆ మెత్తదనం ఇప్పుడు తక్కువ. ఆలోచిస్తే అందులో కొంత పాత స్పీకర్లు తమ హద్దు దగ్గర నలిగిపోతూ చేసిన శబ్దమే. ప్రాక్టీస్ రూమ్‌లో తక్కువ వాల్యూమ్‌కి కూడా అవి కమ్మగా ఉండేవి, అది వేరే సంగతి. ఆ వాల్యూమ్‌లో కొత్తవి కొంచెం ముభావంగా ఉంటాయి. రెండేళ్లు వాయించాక కూడా నాకు ఆ లోటు పూర్తిగా పోలేదు.

వాట్లకన్నా ఎక్కువ పనికొచ్చిన మార్పు ఇంకోటి ఉంది. క్యాబ్‌ని స్టాండ్ మీద ఎత్తి, కాస్త వెనక్కి వాల్చి, నా చెవుల వైపు తిప్పాను. ముందు ఎస్ఎమ్57 మైకు పెడతాను. అది నా సొంతది, సౌండ్ అతన్ని అడగను. ఇప్పుడు ఆరుబయట కూడా మాస్టర్ 4 దాటడం లేదు. ఇది ముందే చేసి ఉంటే పాత స్పీకర్లు ఇంకా కొన్నేళ్లు బతికేవేమో.

సాలిడ్ స్టేట్ (ట్యూబులకి బదులు ట్రాన్సిస్టర్లు ఉండే) పవర్ ఆంప్, మోడెలర్ (రకరకాల ఆంప్‌ల శబ్దాన్ని డిజిటల్‌గా అనుకరించేది) వాడేవాళ్ల లెక్క వేరు. వాటి మీద 4 ఓమ్స్‌కి 200 అని ఉంటే 8 ఓమ్స్ క్యాబ్‌కి వచ్చేది సుమారు అందులో సగం. లోడ్ లేకపోయినా సాధారణంగా వాటికి ప్రమాదం లేదు, షార్ట్ అయితేనే భయం. నా అనుభవం ట్యూబ్ హెడ్‌తోనే కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

కొనొచ్చా అంటే, ఇంట్లో వాయించేవాళ్లకి, 20 వాట్ల లోపు హెడ్ ఉన్నవాళ్లకి 25 వాట్ల స్పీకర్లు రెండున్న ఇలాంటి క్యాబ్ నేను సంతోషంగా సిఫారసు చేస్తాను. 50 వాట్ల ట్యూబ్ హెడ్‌కైతే కనీసం 100 వాట్ల క్యాబ్. నాలా నెలకి ఒకట్రెండు ప్రోగ్రాములు, అవీ ఆరుబయట, మైకు దొరుకుతుందో లేదో తెలియని చోట వాయించేవాళ్ల మాట ఇది. ఎప్పుడూ మైకు ఉండే స్టేజీల మీద వాయించేవాళ్లకి, మాస్టర్ 3 దాటనివాళ్లకి నా పాత జంటే ఇప్పటికీ బాగుంటుందేమో. కాలిన రెండు స్పీకర్లకీ కోఠీ పెద్దాయన కొత్త కాయిల్, కొత్త కోన్ వేసిచ్చాడు. కోన్ కాగితం అసలుది కాదు కాబట్టి మునుపటి గొంతు రాలేదు, ట్రెబుల్ కొంచెం గీరుతుంది. అవి ఇప్పుడు ఇంట్లో 15 వాట్ల చిన్న హెడ్‌కి కలిపి ఉన్నాయి. పొద్దున ప్రాక్టీస్ వాటి మీదే.