రెండేళ్ల రాక్ స్టెప్: స్వింగ్ బేసిక్స్ నేర్చుకున్న అనుభవం

స్వింగ్ డాన్స్, అంటే జాజ్ పాటలకు ఇద్దరు జంటగా చేసే డాన్స్, మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. వారానికొక క్లాసు, కుదిరినప్పుడల్లా సోషల్ డాన్స్ (అందరూ కలిసి సరదాగా చేసేది), ఇంట్లో రోజూ ఓ పది నిమిషాలు. మొదటి నెలలోనే "బేసిక్స్ వచ్చేశాయి" అని అందరికీ చెప్పుకుని తిరిగాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నన్ను ఇటు లాగినవి పాత వీడియోల్లో కనిపించే గాల్లో ఎగిరే విన్యాసాలు. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో 1926లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్ అనే డాన్స్ హాల్లో నల్లజాతి డాన్సర్ల మధ్య పెరిగిన స్వింగ్ డాన్స్ లిండీ హాప్. దానికి 1935లో అక్కడి డాన్సర్ ఫ్రాంకీ మానింగ్ వాటిని జోడించాడు. క్లాసులో అడిగితే టీచర్ నవ్వి, "అవి స్టేజీకి. జనం మధ్య చేస్తే పక్కవాళ్ల పళ్లు రాలతాయి" అన్నారు. అలా ఆశపడి వెళ్లినవాడికి చేతికందింది ఆరు లెక్కల బేసిక్.

అది చెప్పడానికి ఎంత తేలికో! రాక్ స్టెప్ (ఒక కాలు వెనక్కి, మళ్లీ ముందు కాలి మీదికి), ట్రిపుల్ స్టెప్ (రెండు బీట్లలో మూడు అడుగులు), ఇంకో ట్రిపుల్ స్టెప్. జంటలో లీడ్ చేసేవాళ్లు (నడిపించేవాళ్లు) ఎడమ కాలు, ఫాలో చేసేవాళ్లు (అనుసరించేవాళ్లు) కుడి కాలు వెనక్కి వేసి మొదలుపెడతారు. ఆరు బీట్లలో ఎనిమిది అడుగులు. అరగంటలో కాళ్లకు వచ్చేసింది. పాట పెట్టగానే పోయింది.

ఎందుకు పోయిందో తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. పాట ఎనిమిదేసి బీట్లుగా నడుస్తుంది, మన అడుగులు ఆరేసి. పాటలో కొత్త వరుస మొదలయ్యేసరికి నా కాళ్లు మధ్యలో ఎక్కడో ఉండేవి. తప్పు చేశానని కంగారుపడి ఆగిపోయేవాణ్ణి. నిజానికి తప్పేమీ లేదు. ఇరవైనాలుగు బీట్లు గడిస్తే నాలుగు ఆర్లు, మూడు ఎనిమిదులు వాటంతటవే కలుస్తాయి. ఈ లెక్క మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే నాకు సగం టెన్షన్ తప్పేది.

ఇక ట్రిపుల్ స్టెప్. మూడు అడుగులూ సమానంగా వేస్తే కవాతులా ఉంటుంది. బీట్‌ను మూడు ముక్కలు చేసి, మొదటి రెండు ముక్కలకూ మొదటి అడుగు సాగదీసి, మూడో ముక్కలో రెండో అడుగు చిన్నగా తాకి వదలాలి. కర్ణాటక సంగీతంలోని తిశ్ర గతి తెలిసినవాళ్లకు ఇది చప్పున పట్టుబడుతుంది. నాకు పట్టుబడలేదు. చివరికి డాన్స్ మానేసి, వంటింట్లో పాట పెట్టుకుని నోటితో పలుకుతూ నడిచాను. ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారో అడగలేదు. అడుగులు చిన్నవి చేశాక కూడా చాలా తేడా వచ్చింది. బిగినర్లు మరీ పెద్ద అడుగులేస్తారు, నేనైతే గది దాటేవాణ్ణి.

రాక్ స్టెప్‌లో వెనక కాలు ఊరికే నేలకు తాకించి తెచ్చేసుకోవడం నా మరో జబ్బు. బరువు నిజంగా వెనక్కి వెళ్లి రావాలి. ఆ బరువు లేకపోతే ఎదుటి మనిషికి మన నుంచి కబురేమీ అందదు. అందుకని నేను చేత్తో లాగడం మొదలుపెట్టాను. ఒకరోజు క్లాసులో ఒక పెద్దావిడ మెత్తగా, "బాబూ, ఆ చెయ్యి రేపు కూడా నాకు కావాలి" అన్నారు. ఆ తర్వాత మూడు నెలలు ఫాలో వైపు నేర్చుకున్నాను. చేత్తో లాగితే ఎలా ఉంటుందో అప్పుడుగానీ తెలిసిరాలేదు. రాబోయే మూవ్ ఇదేనని ఊహించి ముందే తిరిగేయడం ఎంత సులువో కూడా తెలిసింది. రెండేళ్లలో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఆ మూడు నెలలే.

మధ్యలో ఆరు వారాల కోర్సు ఒకటి చేశాను. డబ్బు దండగ. వారానికి రెండు మూడు కొత్త మూవ్‌లు, అన్నీ కలిపి పద్నాలుగు. ఇప్పుడు గుర్తున్నవి రెండు: చెయ్యెత్తి కింద నుంచి తిప్పే టర్న్, కాస్త లోపలికి తెచ్చి బయటికి తిప్పే టక్ టర్న్. ఆ రెండూ బేసిక్‌తో కలిపితే ఒక పాట హాయిగా గడిచిపోతుంది. వీడియోలు ఒంటరిగా చార్లెస్టన్ అనే పాత జాజ్ డాన్స్ సాధన చేయడానికి బాగా పనికొచ్చాయి, లీడ్ చేయడానికి మాత్రం అసలు పనికిరాలేదు.

బూట్ల మాట కూడా చెప్పాలి. రబ్బరు అడుగున్న పరుగు బూట్లతో టర్న్ తిరిగితే నేల పాదాన్ని పట్టేస్తుంది, మెలిక మోకాలికి పడుతుంది. నాకు రెండు వారాల నొప్పి మిగిలింది. తోలు అడుగున్నవి కొన్నాక ఆ బాధ పోయింది, కాకపోతే మెట్ల మీద జారాను.

నిమిషానికి 120 నుంచి 140 బీట్ల పాటలైతే ఇప్పుడు కంగారు లేదు. 180 దాటితే నా ట్రిపుల్స్ ముద్దైపోతాయి, మామూలు అడుగులతో సరిపెట్టుకుంటాను. ఎదుటి మనిషిని దగ్గరికి తెచ్చి మళ్లీ బయటికి వదిలే ఎనిమిది లెక్కల స్వింగ్ అవుట్ ఇంకా సగమే వచ్చింది. ఐదో లెక్కకు వదలాల్సిన మనిషిని నాలుగుకే వదిలేస్తున్నాను. వచ్చే నెలంతా అదొక్కటే పని.