చింతచెట్టు కింది జిప్సీ: 4 ఏళ్లు, 21,000 కిలోమీటర్లు

2020 జనవరిలో దామలచెరువు దగ్గర ఒక మామిడి తోటలో ఈ బండిని చూశాను. 1998 మోడల్ జిప్సీ కింగ్, మారుతి వాళ్ల ఫోర్ వీల్ జీపు, 1298 సీసీ, కార్బొరేటర్ బండి. తొమ్మిదేళ్లుగా చింతచెట్టు కిందే ఉంది. వెనక సీట్లో కోడి పొదిగేసింది. తోటాయన ఒకప్పుడు బెంగళూరా కాయల పెట్టెలు దీంట్లోనే మండీకి తోలేవాడట. 85,000కు బేరం కుదిరింది. మినీ లారీలో ఎక్కించి తిరుపతికి తెచ్చి ఇంటి ముందు దించుతుంటే మా ఆవిడ, "కోడిని కూడా ఇచ్చినారా?" అంది. అప్పటికి నాకు తెలిసిన మెకానిక్ పని స్కూటర్ ప్లగ్గు తుడవడం ఒక్కటే.

చేసిన మొదటి పని రంగు వేయించడం. అది తప్పని కరకంబాడి రోడ్డు షెడ్డులో మేస్త్రీ ఒక్క మాటలో తేల్చేశాడు: "రంగు యాడికి పోతుంది సామీ, ముందు బండిని పోనీ." ఆయన చెప్పినట్టే అయింది. కాళ్ల దగ్గర రేకు తుప్పుపట్టి జల్లెడైపోయిందని తర్వాత తెలిసింది. దాన్ని కోసి కొత్త రేకు అతికించేటప్పుడు వెల్డింగ్ వేడికి కొత్త రంగంతా బొబ్బలెక్కింది. 22,000 మట్టిలో పోసినట్టే.

ఇంజిన్ పట్టేసి ఉంది. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో రంధ్రంలో డీజిలూ ఇంజినాయిలూ కలిపి రెండేసి చెంచాలు పోసి మూడు రోజులు వదిలేశాను. నాలుగో రోజు క్రాంకు పుల్లీ బోల్టుకు పానా పెట్టి మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే కదిలింది. ఆ రోజు నాకు పండగే. ప్లగ్గులు బిగించకముందే సెల్ఫ్ కొట్టి ఆ నూనెను బయటికి పంపాలి. గుడ్డ అడ్డం పెట్టడం మరిచిపోయాను. ఆ మరకలు మా గోడ మీద ఇప్పటికీ ఉన్నాయి. టైమింగ్ బెల్టు చూడ్డానికి బాగానే ఉన్నా వయసు తెలీదు కాబట్టి మార్చేశాను. ట్యాంకులో పెట్రోలు వార్నిష్ వాసన కొట్టింది. ట్యాంకు దించి, లోపల గొలుసు ముక్కలేసి ఊపి ఊపి తుప్పు రాల్చాను. అయినా మొదటి రెండు నెలల్లో ఫిల్టర్ మూడుసార్లు మార్చాల్సి వచ్చింది.

నన్ను నిజంగా ఏడిపించింది మాత్రం ముందు చక్రాల నకల్, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రంతో పాటు తిరిగే యాక్సిల్ చివరి కీలు. కుడి చక్రం లోపలివైపు నూనె కారుతుంటే బ్రేక్ ఆయిలనుకున్నాను. చక్రం దగ్గర బ్రేకు నొక్కే కాలిపర్‌కు కిట్టు కొన్నాను, బ్రేకు పైపుల్లో గాలి తీసే బ్లీడింగ్ చేశాను, మూడు ఆదివారాలు పోయాయి. చివరికి మేస్త్రీ వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టాడు. గంధకం వాసన. గేరాయిల్! యాక్సిల్ చివర లోపలి సీలు ఎండి చీలిపోయింది. హౌసింగ్‌లోని, అంటే యాక్సిల్ గొట్టంలోని, నూనె నకల్‌లోకి వచ్చి, గ్రీజును పలచన చేసి, బయటి సీలు దాటి కారుతోంది. బయటి సీలు ఒక్కటే మారిస్తే మళ్లీ కారుతుంది. షాఫ్టు బయటికి లాగి లోపలిదీ మార్చాలి. రెండువైపులా నేనే విప్పాను. మొదటివైపుకు రెండు రోజులు పట్టింది, రెండోవైపుకు ఒక పూట.

కమాను కట్టల్లో, అంటే బండి బరువు మోసే స్ప్రింగుల్లో, రెండు ఉక్కు పట్టీలు విరిగాయి. వాటికి పుత్తూరు కట్టు పనిచేయదు కదా, కొత్తవి వేయించాను. ఆర్సీ గడువు ఎప్పుడో అయిపోయింది. పేరు మార్పు, ఫిట్‌నెస్, ఐదేళ్ల రెన్యువల్ కోసం ఎన్నిసార్లు తిరిగానో చెప్పను, బీపీ పెరుగుతుంది.

2021 అక్టోబరులో రోడ్డెక్కింది. కొత్త మోజులో భాకరాపేట ఘాట్‌లో ఎండిన తారు మీదే ఫోర్ వీల్ వేసి, నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం పంపుతూ నడిపాను. రెండు మలుపులకే స్టీరింగ్ బిగుసుకుంది, లివర్ వెనక్కి రాలేదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. ఈ బండిలో ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు రెండువైపులకూ ఒకే వేగం పంపుతుంది. మట్టిలోనైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు. కొంచెం దూరం రివర్సులో తిన్నగా నడిపితే లివర్ వదిలింది.

మరుసటి నెలలోనే తిరుపతిని ముంచిన ఆ వానలు. తిరుపతి వీధులు వాగులైపోయాయి, రాయలచెరువు కట్టకు లీకు పడిందని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. మా పిన్ని వాళ్లను ఆ వైపు నుంచి జిప్సీలోనే తెచ్చాను. ముందు చక్రాలకు కూడా బలం అందేలా హబ్బులు లాక్ చేసి, ఫోర్ వీల్‌లో అన్నిటికన్నా నెమ్మది గేరు "4L"లో, హారన్ కొట్టే ధైర్యం కూడా లేకుండా. బండి ఎక్కడా ఆగలేదు. మూడు వారాల తర్వాత వెనక హౌసింగ్ మర విప్పితే నూనె బదులు పాలెక్కువైన టీ లాంటిది కారింది. వేడెక్కిన హౌసింగ్ నీళ్లలో దిగి చల్లబడేటప్పుడు బ్రీదర్ అనే గాలి రంధ్రం గుండా నీళ్లు పీల్చుకుంటుందట. ఇప్పుడు బ్రీదర్‌కు రబ్బరు పైపు తొడిగి పైకి కట్టాను.

రోజువారీ వాడకానికైతే కొనమని చెప్పను. లీటరుకు పది, పదకొండు వస్తే గొప్ప. పట్టీల బండి కాబట్టి పాకాల దాకా వెళ్లొస్తే నడుము గుర్తుచేస్తుంది. మేలో రెక్సిన్ టాపు కింద కూర్చుంటే వడియాలే. బ్రేకుల విషయంలో మాత్రం నా మీద నేను నమ్మకం పెట్టుకోలేదు, ప్రతిసారీ మేస్త్రీ చేత చూపించాకే రోడ్డెక్కించాను. కానీ పని నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బండి నాకు తెలీదు. బానెట్ ఎత్తితే అన్నీ కంటికి కనబడతాయి, చెయ్యి దూరుతుంది. 10, 12, 14, 17 పానాలతో ముప్పాతిక బండి విప్పొచ్చు. సామాను ఇప్పటికీ దొరుకుతోంది. మొత్తం ఖర్చు, ఆ రంగు డబ్బులతో కలిపి, కొన్న ధర కాక 1,90,000.

తలకోనకు వెళ్లొచ్చాక పోయిన వారం కుడి చక్రం లోపల మళ్లీ తడి కనబడింది. ఈసారి కాలిపర్ జోలికి పోలేదు. వాసన చూశాను, సీల్ కిట్టు తెచ్చి పెట్టాను.