మందుల షాపులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: ఆరేళ్ల వాడకం తర్వాత

మా మెడికల్ షాపులో ఈ సాఫ్ట్‌వేర్ ఆరేళ్లుగా వాడుతున్నాం. ఇప్పటికీ దాంతోనే పని కాబట్టి పేరు చెప్పను. బిల్లు కొట్టడంలో వంక పెట్టడానికి లేదు, మౌస్ ముట్టుకోనక్కర్లేదు. ఎక్స్‌పైరీ అయిన బ్యాచ్‌ని బిల్లులోకి రానివ్వదు. గొడవంతా తేదీ దగ్గరే.

నాలుగో ఏడు, ఒక సోమవారం. రాత్రంతా కరెంటు లేదు. పొద్దున సిస్టమ్ 2015 జనవరి 1తో లేచింది. కౌంటర్ దగ్గర జనం, నేను చూసుకోలేదు. సాఫ్ట్‌వేరూ ఏమీ అనలేదు. పదకొండు బిల్లులయ్యాక ఒకాయన, "ఇదేంటండీ, ఈ తేదీ?" అన్నారు. జీఎస్టీ మొదలైంది 2017 జూలైలో. అది పుట్టకముందే మేం వసూలు చేసేశాం!

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఎక్స్‌పైరీ ఆపేది కూడా ఆ గడియారాన్ని చూసే కదా. 2015లో ఉన్నాననుకునే సిస్టమ్‌కి గడువు దాటిన స్ట్రిప్పు కూడా కొత్తదే. ఆ పదకొండు బిల్లుల్లోని బ్యాచ్‌లన్నీ చేత్తో సరిచూశాను. అదృష్టం, పాతదేదీ పోలేదు. ఆ పొద్దున డిస్ట్రిబ్యూటర్ సైటు తెరుచుకోకపోవడానికీ కారణం అదే, సైటు అసలైనదేనని చూపే దాని సర్టిఫికెట్ గడువు అప్పటికింకా మొదలుకాలేదని బ్రౌజర్ లెక్క. చూస్తే కరెంటు లేనప్పుడు సిస్టమ్ గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. మార్చడానికి పది నిమిషాలు పట్టలేదు.

కంపెనీకి ఫిర్యాదు చేశాను. తర్వాతి అప్‌డేట్‌లో, ఆఖరి బిల్లు కన్నా తేదీ వెనక ఉంటే తెరుచుకోకుండా తాళం పెట్టారు. బాగుందనుకున్నా. పోయినేడు మా అక్క కొడుకు ఏదో గేమ్‌లో కానుక కోసం తేదీ ఏడాది ముందుకు జరిపి, అలాగే వదిలేశాడు. పొద్దున ఒక దువ్వెన బిల్లు కొట్టాను, వెళ్లింది. దానికి ఎక్స్‌పైరీ ఉండదుగా. తర్వాత పారాసెటమాల్ కొడితే ఎక్స్‌పైర్డ్ అంది, అర అల్మరా అంతే. తేదీ సరిచేస్తే, "సిస్టమ్ తేదీ వెనక్కి మార్చారు" అని తాళం పడింది. తీయాల్సింది కంపెనీ వాళ్లే. ఆ రోజంతా కార్బన్ పెట్టి బిల్లులు రాశాం. మర్నాడు తాళం తీసినతను, సాఫ్ట్‌వేర్ లైసెన్సు రోజులు పొడిగించుకోవడానికి మేమే మార్చామన్నట్టు మాట్లాడాడు!

వెనక్కి పోతే పట్టుకుంటుంది, ముందుకు పోతే నోరు మెదపదు. తేదీ ఒక్కసారిగా నెల దూకితే "నిజమేనా?" అని అడగడానికి ఏం?

ఇప్పుడు కుర్రాళ్లకు వేరే లాగిన్ ఇచ్చాం, అందులో తేదీ మార్చడం కుదరదు. ఐదుకి మూడున్నర ఇస్తాను.