క్లాంగ్ కట్టుకున్నాను, హెడర్ల దగ్గర ఇరుక్కున్నాను

కాశీబుగ్గలో మా బావకి చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. గుండు పప్పా, బద్దా అని కెమెరాతో చూసి చెప్పే పెట్టె ఒకటి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద చేస్తున్నాను. దాని ప్రాసెసర్ 64 బిట్ ఆర్మ్. నా ల్యాప్‌టాప్ ఇంటెల్, 8 జీబీ ర్యామ్. ఇక్కడ కంపైల్ చేసి అక్కడ నడపాలని ఎల్‌ఎల్‌విఎమ్ అనే కంపైలర్ ప్రాజెక్టు 18వ వెర్షన్ సోర్స్ దించి, అందులోని క్లాంగ్ (సీ, సీ++ కోడ్‌ని ప్రాసెసర్ నడిపే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్) సొంతంగా కట్టుకున్నాను. ఈ రివ్యూ కంపైలర్ మీద కాదు, దాని హెడర్ల (కోడ్ వాడుకునే ఫంక్షన్లు, రకాల వివరాలుండే ఫైళ్ల) ఏర్పాటు మీద.

మొదటి తప్పు నాదే. బిల్డ్ త్వరగా అయిపోతుందని టార్గెట్ల (ఏ ప్రాసెసర్లకి కోడ్ తయారవ్వాలో ఆ) జాబితాలో ఎక్స్86, అంటే ఇంటెల్ రకం, ఒక్కటే పెట్టాను. తర్వాత పెట్టె కోడ్ కంపైల్ చేస్తే ఆర్మ్ నియాన్ హెడర్ దొరకలేదంది. నియాన్ అంటే చాలా అంకెల్ని ఒక్కసారే లెక్కేసే ఆర్మ్ సూచనలు. అది ఉంటే 128 బిట్ల రిజిస్టర్‌లో 8 బిట్ల పిక్సెళ్లు పదహారు ఒకేసారి లెక్కేయొచ్చు. అది లేకపోతే పప్పు బెల్టు మీద వెళ్లిపోయాక జవాబొస్తుంది. సోర్స్ ఫోల్డర్ అంతా వెతికాను, ఆ ఫైలే లేదు. ఉండదు కూడా. అది ఎవరూ చేత్తో రాసింది కాదు. టీడీ అనే వివరాల ఫైలు చదివి క్లాంగ్ టేబుల్‌జెన్ అనే చిన్న ప్రోగ్రామ్ బిల్డ్ మధ్యలో దాన్ని పుట్టిస్తుంది, అదీ జాబితాలో ఆర్మ్ ఉంటేనే. పదుల వేల వరుసలు! చేత్తో రాయాలంటే ఎవరివల్ల అవుతుంది?

తొందరపడి వేరే వెర్షన్ క్లాంగ్‌లోంచి ఆ ఫైలు కాపీ చేశాను. ఎర్రర్లు తెర నిండా. అందులోని చాలా ఫంక్షన్లు కంపైలర్ లోపలి బిల్టిన్లను (కంపైలర్‌లోనే ఉండే ఫంక్షన్లను) పిలుస్తాయి కాబట్టి, ఏ క్లాంగ్‌కి పుట్టింది దానికే సరిపోతుంది.

రెండోసారి ఆర్మ్ 64 చేర్చి, ర్యామ్ చాలదని లింక్ జాబులు (ముక్కల్ని కలిపి ప్రోగ్రామ్ చేసే పనులు) ఒకసారికి ఒకటే నడిచేలా తగ్గించి, రాత్రి నడవనిచ్చాను. మధ్యలో కరెంటు పోయింది, ల్యాప్‌టాప్ బ్యాటరీ కూడా అయిపోయింది. బిల్డ్ నడిపే నింజా అనే ప్రోగ్రామ్ ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలెట్టింది, అందుకు దణ్ణం. పొద్దున్నే 'ఇన్‌స్టాల్-క్లాంగ్' కొట్టాను. ఇప్పుడేమో ఎస్‌టీడీ డెఫ్ అనే మామూలు సీ హెడర్ లేదంది! ఆ కమాండ్ కంపైలర్‌ని మాత్రమే పెడుతుంది, హెడర్లకి 'ఇన్‌స్టాల్-క్లాంగ్-రిసోర్స్-హెడర్స్' వేరే కొట్టాలి. టెన్షన్‌లో అరగంట సిస్రూట్‌ని (పై సిస్టమ్ ఫైళ్లు పెట్టుకున్న ఫోల్డర్‌ని) అనుమానించాను పాపం.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఇంటెల్ ఏవీఎక్స్ హెడర్లు, ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్‌ల కుడా హెడర్లు అన్నీ మోసుకురానక్కర్లేదు. కోర్ హెడర్లు వేరు, ఒక్కో ప్రాసెసర్‌వి వేరు, కావలసినవే పెట్టుకోవచ్చు. కోర్ మాత్రం వదలకండి, ఎస్‌టీడీ డెఫ్ ఉండేది అందులోనే. ఇంకోటి, క్లాంగ్ 16 నుంచి ఈ హెడర్లుండే రిసోర్స్ ఫోల్డర్‌కి పెద్ద వెర్షన్ నంబరు ఒక్కటే పేరు. ఇదివరకు 15.0.7 అని మొత్తం ఉండేది, చిన్న అప్‌డేట్‌కే నా స్క్రిప్టులు విరిగిపోయేవి.

అయిదుకి నాలుగు చుక్కలు. ఒకటి ఎందుకు తగ్గించానంటే, హెడర్ దొరకలేదంటుందే గాని అది అసలు పుట్టలేదా, పుట్టినా ఇన్‌స్టాల్ కాలేదా అన్నది మనమే తేల్చుకోవాలి. 'ప్రింట్ రిసోర్స్ డిర్' ఆప్షన్ ఇచ్చి, అది చూపించే ఫోల్డర్‌లో ఇంక్లూడ్ తెరిచి ముందు చూసుకోండి. నేనది మూడో రోజు చూశాను.