రెండు అనంతగిరులు, రెండు సమ్మర్ క్యాంపులు

మన తెలుగువాళ్లకి అనంతగిరులు రెండున్నాయి. ఒకటి వికారాబాద్ పక్కన, మూసీ పుట్టిన కొండలు. రెండోది విశాఖ నుంచి అరకు వెళ్లే ఘాట్ రోడ్డు మీద, కాఫీ తోటల మధ్య. మా అబ్బాయి పోయిన వేసవిలో మొదటి అనంతగిరిలో అయిదు రోజులు, ఈ వేసవిలో రెండో అనంతగిరిలో ఎనిమిది రోజులు క్యాంపులో ఉన్నాడు. మొదటిసారి వాణ్ని దింపి వచ్చేశాను. రెండోసారి వాలంటీరుగా నేనూ వెళ్లాను. ఆడపిల్లల డేరాల పక్కనే పడుకుని, వంటింట్లో ఓ చెయ్యి వేస్తూ ఎనిమిది రోజులూ అక్కడే ఉన్నాను. పిల్లల్ని పంపాలా వద్దా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను. క్యాంపుల పేర్లు మాత్రం రాయను.

వికారాబాద్ క్యాంపు సౌకర్యంగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి 80 కిలోమీటర్ల లోపే. గదికి నలుగురు పిల్లలు, ఏసీ, వేడినీళ్లు, మూడు పూటలా బఫే. అయిదు రోజులకి 14,000 రూపాయలు కట్టాం. కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాకింగ్ నేర్పిన కుర్రాళ్ల గురించి మంచిమాట చెప్పాలి. ప్రతి పిల్లాడి లైఫ్ జాకెట్ బకిలూ తమ చేత్తో లాగి చూశాకే నీళ్లలోకి దించారట. మావాడు ఇప్పటికీ తెడ్డు ఎలా పట్టుకోవాలో చీపురుకట్టతో చూపిస్తాడు.

కానీ మే నెలలో అక్కడ ఎండ ఎండే. పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లలు హాల్లోనే ఉండాలి. హాల్లో సినిమా, సాయంత్రం డీజే. అడవి పక్కన ఉండి అడవిని చూసింది పొద్దున రెండు గంటలే. దానికన్నా నన్ను బాధపెట్టింది మూడో రాత్రి సంగతి. మావాడి గదిలో ఒక బాబుకి అర్ధరాత్రి వాంతులయ్యాయి. పిల్లలు వెళ్లి సూపర్‌వైజర్ గది తలుపు కొట్టారు. ఆయన అక్కడ లేడు. చివరికి వాచ్‌మన్ నీళ్లిచ్చి, తెల్లారేదాకా వాళ్లతో కూర్చున్నాడు. మాకు ఈ విషయం చివరి రోజు మా పిల్లల నోటే తెలిసింది. బాబుకి ఏమీ కాలేదు, అదృష్టం. ఆ వాచ్‌మన్‌కి నేను వెళ్లి దణ్ణం పెట్టి వచ్చాను.

అందుకే ఈసారి క్యాంపు వెతుకుతున్నప్పుడు గోడ ఎక్కిస్తారా, తాడు మీద జారిస్తారా అని అడగలేదు. రాత్రి పిల్లల దగ్గర ఎవరు పడుకుంటారు, ఎంత దూరంలో పడుకుంటారు అని అడిగాను. నలుగురు నిర్వాహకుల్లో ఒక్కరే తడుముకోకుండా జవాబిచ్చారు. "ప్రతి రెండు డేరాలకీ మధ్యలో ఒక పెద్దవాళ్లు ఉంటారమ్మా, కావాలంటే మీరే వచ్చి ఉండండి" అన్నారు. ఆ మాట పట్టుకునే వెళ్లాను.

విశాఖలో పొద్దున్నే అరకు మీదుగా కిరండూల్ వెళ్లే పాసింజర్ ఎక్కాం. 2017 నుంచి ఈ లైనులో అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టె కూడా నడుస్తోంది గానీ పిల్లలతో వెళ్లేవాళ్లకి మామూలు పెట్టే మేలంటాను. కిటికీ తెరుచుకుంటుంది, గాలి తగులుతుంది, సొరంగంలోకి వెళ్లగానే అందరూ కలిసి కేక పెట్టొచ్చు. శృంగవరపుకోట దాటాక బండి కొండెక్కడం మొదలెడుతుంది. ఈ లైనులో సొరంగాలు 50కి పైనే. మా రెండు జట్లు వేళ్లు మడిచి లెక్కపెడితే రెండు తేడా వచ్చింది. ఆ తగువు ఎనిమిదో రోజు దాకా తెగలేదు.

బొర్రా గుహలు స్టేషన్లో దిగి ముందు గుహలు చూశాం. మనం కింద సున్నపురాతి ఆకారాల మధ్య నిలబడి ఉంటే, సరిగ్గా నెత్తి మీద నుంచే రైలు లైను వెళ్తుంది. ఇది విన్నాక పిల్లలందరూ ఒక్కసారి పైకి చూసి చప్పున నోరు మూసుకున్నారు. అక్కణ్నించి జీపుల్లో క్యాంపుకి.

పదేళ్ల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలు 42 మంది, పెద్దవాళ్లం తొమ్మిదిమంది. డేరాకి ఆరుగురు, నవారు మంచాలు. ఫోన్లన్నీ ఒక ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఇంటికి ఫోను మూడో రోజు, ఆరో రోజు మాత్రమే. అసలు సిగ్నలే అంతంతమాత్రం, జీపు రోడ్డు మలుపు దాకా నడిచి వెళ్లాలి. ఎనిమిది రోజులకి 11,500, రైలు ఖర్చు మనదే.

అయిదున్నరకి విజిల్. ఆరింటికి స్టీలు గ్లాసులో రాగి జావ, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసి. మొదటి రోజు సగంమంది గ్లాసు ముందు పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. వంట చేసే శృంగవరపుకోట ఆవిడని పిల్లలు మామ్మా అని పిలిచేవాళ్లు. ఆవిడ ఎవరినీ బలవంతపెట్టలేదు. "ఇది తాగి కొండెక్కితే కొండ దిగేదాకా ఆకలెయ్యదు, మీ ఇష్టం మరి" అనేసి లోపలికి పోయింది. ఆ రోజు కాఫీ తోటల్లో మూడు గంటలు నడిచి వచ్చాక, మర్నాడు గ్లాసుల్లో చుక్క మిగల్లేదు. మధ్యాహ్నం పప్పన్నం, ఓ రోజు ఆవ పెట్టిన పనసపొట్టు కూర. చివరి రాత్రి ఊళ్లోవాళ్లు వచ్చి బొంగు చికెన్ చేశారు. మసాలా పట్టించిన ముక్కలు వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు దోపి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చారు. చుక్క నూనె లేదు. పట్నంలో ఆ పేరుతో అమ్మేదానికీ దీనికీ పోలిక లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఒంటిగంట నుంచి మూడు దాకా ఉన్న ఖాళీ. ఆ రెండు గంటలూ ఏ కార్యక్రమమూ లేదు, వాగు గట్టున ఒక పెద్దమనిషి కూర్చుని కనిపెట్టుకుని ఉండటం తప్ప. మొదటి రెండు రోజులు పిల్లలు "ఇప్పుడేం చెయ్యాలన్నా?" అని ఇన్‌స్ట్రక్టర్ చుట్టూ తిరిగారు. మూడో రోజుకి కొందరు వాగుకి అడ్డంగా రాళ్లు పేర్చారు. ఒక పాడేరు అమ్మాయి బండ మీద బొగ్గుతో పులి-మేక ఆట గళ్లు గీసి నలుగురికి నేర్పింది. మావాడు ఒక రోజు ఆ రెండు గంటలూ సిల్వర్ ఓక్ చెట్టు కింద పడుకుని, మిరియాల తీగ మీద చీమల బారునే చూశాడట. ఇంట్లో వాడు పది నిమిషాలు ఒకచోట కూర్చోడు. మూడున్నర దాటితే దాదాపు రోజూ ఉరుములతో వాన. డేరా చుట్టూ కాలవ తవ్వడం పిల్లల చేతే చేయించారు. తవ్వకుండా బద్ధకించిన డేరాలోకి నీళ్లొచ్చాయి. మర్నాడు వాళ్లే ముందు పలుగు పట్టారు.

రెండో రాత్రి కష్టం. పగలు ఎగిరి గంతులేసిన పిల్లలే ఆ రాత్రి మూలుగుతారు. పదిన్నర దాటాక విజయవాడ నుంచి వచ్చిన పదకొండేళ్ల పాప మంచం మీద లేచి కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. ఏడవడం లేదు. కాసేపటికి, "ఆంటీ, ఈ టైముకి మా తమ్ముడు నా మీద కాలేసుకుని పడుకుంటాడు" అంది. నాకేం చెప్పాలో తోచలేదు, వీపు రాస్తూ ఉండిపోయాను. పక్క మంచం మీదమ్మాయి నిద్రలో ఉందనుకున్నాం. అది మంచం దగ్గరికి జరుపుకుని, కళ్లు తెరవకుండానే కాలు చాపి ఈ పిల్ల మీద వేసింది. పావుగంటలో ఇద్దరూ నిద్రపోయారు. పొద్దున ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అయిదో రోజు ఒక బాబుకి జ్వరం వచ్చింది. ఏజెన్సీలో మలేరియా భయం ఉన్నదే. ఆలస్యం చెయ్యకుండా ముందు తల్లిదండ్రులకి ఫోను చేసి, జీపులో అరకు ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించారు. మలేరియా కాదని తేలింది, సాయంత్రానికి తిరిగొచ్చాడు. పోయినేడు వికారాబాద్‌లో నేను కోరుకున్నది ఇదే. అయితే దోమతెరలు సగం డేరాలకే ఉన్నాయి. అలాంటి చోట పిల్లల్ని పడుకోబెడుతూ ఈ లోపం పెట్టుకోకూడదు, ఇది చిన్న సంగతి కాదు. మరుగుదొడ్లు అయిదే. పొద్దున ఆరు నుంచి ఏడుంబావు దాకా క్యూ. ఆడపిల్లలు కొందరు సిగ్గుపడి ఆపుకోవడం నేను చూశాను. ఎంత మంచి క్యాంపైనా దీన్ని క్షమించలేను.

ఏడో రోజు అరకు దగ్గరి చాపరాయి జలపాతం. నున్నటి బండలు, కాలు పెడితే జారుతుంది. పాదాలు మునిగేంత నీళ్ల వరకే రానిచ్చారు. పిల్లలు గొణిగారు గానీ నేను నిర్వాహకుల పక్షమే. ఆ సాయంత్రం దగ్గరి ఊరి ఆడవాళ్లు థింసా అనే గిరిజన నాట్యం ఆడారు. చూసి చప్పట్లు కొట్టడానికి కూర్చున్న పిల్లల్ని లేపి, చేతులు వీపుల వెనక పెనవేసి వరసలో కలుపుకున్నారు. అడుగు కుదరడానికి అరగంట పట్టింది. కుదిరాక ఎవరూ ఆగలేదు.

తిరుగు ప్రయాణం అరకు నుంచి రైల్లో. 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ స్టేషన్లో ఆ విజయవాడ పాప, పక్క మంచం అమ్మాయి ఒకే కిటికీలోంచి బోర్డు చదివారు. అక్కణ్నించి సొరంగాల లెక్క మళ్లీ మొదలు.

వచ్చాక నిర్వాహకులకి ఉత్తరం రాశాను. ప్రతి మంచానికీ దోమతెర ఉండాలి, ఆడపిల్లలకి విడిగా కనీసం నాలుగు మరుగుదొడ్లు కట్టాలి అని. దోమతెరలు కొంటామని జవాబొచ్చింది. మరుగుదొడ్ల గురించి స్థలం యజమానితో మాట్లాడుతున్నామన్నారు. ఆ సంగతి తేలాకే మావాడి పేరు మళ్లీ ఇస్తాను. వాడు మాత్రం సంచి విప్పనివ్వకుండా అలమారు పక్కనే పెట్టుకున్నాడు.